గురువారం మూడు గంటలకి

బీఎస్ఎన్ఎల్ స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వీఆర్ఎస్‌లో దేశం మొత్తం మీద సుమారు 78 వేల మందిమి ఒకేసారి ఇళ్లకి వచ్చేశాం. 2020 జనవరి 31. మావాళ్లలో ఆ తేదీ మర్చిపోయినవాళ్లు ఉండరు. నేను వేరే ఊళ్లకి ఫోన్లు కలిపే ట్రంక్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేరి, జనమే నేరుగా డయల్ చేసుకునే ఎస్టీడీలు వచ్చి ఆ పని పోయాక బిల్లింగ్‌కి, ఆ తర్వాత కస్టమర్ సర్వీస్ సెంటర్‌కి మారి, అక్కడి నుంచి బయటపడ్డాను. ఇంట్లో కుదురుకునేలోపే లాక్‌డౌన్. తర్వాత అమ్మాయి పెళ్లి, నా మోకాళ్ల నొప్పులు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తగాదాలు. అన్నీ ఒక దారికి వచ్చాక చూసుకుంటే మధ్యాహ్నాలన్నీ ఖాళీ.

మానసిక సమస్యలున్నవాళ్ల కోసం వైజాగ్‌లో డే కేర్ నడిపే ఒక సంస్థ గురించి నాతో పనిచేసిన ఒకావిడ చెప్పింది. కొందరు ఇల్లు కదలరు, డే కేర్‌కి కూడా రారు, వాళ్లింటికి వారానికి ఒక గంట వెళ్లి స్నేహంగా కూర్చునే మనుషులు కావాలి అంది. "పనేం లేదే, కబుర్లు చెప్పడమే" అంది. కబుర్లకి నేను తయారే. తీరా వెళ్తే ఆ కబుర్లకి ముందు ఇంత తతంగం ఉంటుందని తెలీదు.

సంస్థ పేరు రాయను. నేను కలుస్తున్నామె పేరు కూడా రాయను. నాకు పెట్టిన షరతుల్లో మొదటిది అదే. చెల్లెమ్మ అని రాస్తాను, ఎలాగూ నన్ను అక్కా అనే పిలుస్తుంది. రాస్తానని అడిగితే సరే అంది. "మా అమ్మ గురించి మాత్రం తక్కువ రాయి" అంది. ప్రయత్నిస్తాను. గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

ముందు అప్లికేషన్, ఆధార్, బంధువులు కాని ఇద్దరి పూచీ. తర్వాత పోలీస్ వెరిఫికేషన్. స్టేషన్ నుంచి ఫోన్ చేసిన కానిస్టేబుల్ "ఏ ఉద్యోగానికమ్మా?" అన్నాడు. జీతం లేనిదానికి అన్నాను. "మరి వెరిఫికేషన్ ఎందుకండీ?" అన్నాడు. ఒంటరిగా, నోరు విప్పి చెప్పుకోలేని స్థితిలో ఉన్న మనిషి ఇంట్లోకి ఒక కొత్త మొహాన్ని పంపుతున్నారంటే ఆ మాత్రం చూడరా మరి.

ఇంటర్వ్యూ చేసింది మా అమ్మాయి వయసున్న సోషల్ వర్కర్. అందరూ ఆమెని మేడమ్ అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఎవరైనా మీ ఎదురుగా ఏడిస్తే ఏం చేస్తారు అని అడిగింది. మంచినీళ్లిస్తాను అన్నాను. రాసుకుంది. మీరు వెళ్లిన మనిషి గంటసేపూ ఒక్క మాటా మాట్లాడకపోతే? కూర్చుంటాను, మా ఆయనతో ముప్ఫై ఏళ్లుగా అలవాటే అన్నాను. నవ్వింది కానీ అదీ రాసుకుంది. చివర్లో "ఎవరినైనా బాగుచేయాలని మీకు ఉందా?" అంది. ఉండదా మరి, లేకపోతే ఎందుకొస్తాను అన్నాను. "అది కొంచెం తగ్గించుకోవాలండీ. బాగుచేయడానికి డాక్టరు ఉన్నారు, నేనున్నాను, ఇంట్లోవాళ్లు ఎలాగూ రోజంతా అదే పనిలో ఉంటారు."

ఈ మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారట. ధ్యానం నేర్పిస్తాననేవాళ్లు, ప్రార్థన చేయిస్తాననేవాళ్లు, గోమూత్రంతో తగ్గించేస్తాననేవాళ్లు. మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ ఆఫీసర్‌గారు రెండో క్లాసులోనే లేచి, ఈ మందులన్నీ కంపెనీల దోపిడీ, మనోబలం ఉంటే చాలు అని ఉపన్యాసం ఇచ్చారు. టీ విరామంలో మేడమ్ ఆయనతో ఏదో మర్యాదగా మాట్లాడింది. మళ్లీ కనపడలేదు.

శిక్షణ శని, ఆదివారాల్లో జరిగేది. స్కిజోఫ్రీనియా, బైపోలార్, డిప్రెషన్ గురించి ఒక డాక్టరుగారు చెప్పారు. నాకు బాగా ఎక్కింది ఒక విషయం. స్కిజోఫ్రీనియాలో లేని మాటలు వినపడటం, ఎవరో వెంటాడుతున్నారనుకోవడం లోకానికి కనపడే సగం. మాట తగ్గిపోవడం, స్నానం మీద, తిండి మీద, మనుషుల మీద ఆసక్తి చచ్చిపోవడం రెండో సగం. మందులు మొదటి సగాన్ని చాలావరకు అదుపులో పెడతాయి, రెండో సగం మీద అంత బలంగా పనిచేయవు. ఇంట్లోవాళ్లు బద్ధకం అని తిట్టేది ఈ రెండో సగాన్నే.

మందులు చేసే పనుల గురించీ చెప్పారు, మేం సలహాలివ్వడానికి కాదు, చూసి కంగారు పడకుండా ఉండటానికి. కొన్నిటికి చేతులు వణుకుతాయి, నడక బిగుసుకుంటుంది, దానికి విరుగుడుగా పాసిటేన్ ఇస్తారు. కొన్నిటికి నిద్ర, విపరీతమైన ఆకలి. క్లోజపిన్ అనే మందు మొదలుపెడితే మొదటి 18 వారాలు ప్రతివారం రక్తపరీక్ష. ఇన్ని పడుతూ ఉన్న మనిషిని "రోజూ టాబ్లెట్ వేసుకుంటే నీకేం నష్టం" అని అడిగే ముందు ఆలోచించాలని నాకు అప్పుడే అనిపించింది.

ఆ క్లాసుల్లో మరిచిపోలేనిది ఒక ఆట. నలుగురు నలుగురుగా విడదీశారు. ఒకరు కుర్చీలో కూర్చుంటే ఇద్దరు చెరో చెవి దగ్గరా గుసగుసలాడాలి, "దాని మొహం చూడు", "అందరూ నిన్నే చూస్తున్నారు", "నమ్మకు, నమ్మకు" అంటూ ఆపకుండా. ఎదురుగా ఇంకొకరు రైల్వే కౌంటర్ గుమాస్తా. నేను రాజమండ్రికి రెండు టికెట్లు రిజర్వేషన్ చేయించాలి. ఎక్స్ఛేంజ్‌లో ఒక చెవిలో సబ్‌స్క్రైబరు, ఇంకో చెవిలో సూపర్‌వైజరు అరుస్తుంటే ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని, నాకేమవుతుందిలే అనుకున్నాను. తేదీ చెప్పలేకపోయాను. గుమాస్తా మూడోసారి అడిగేసరికి కోపం వచ్చి అతని మీదే అరిచాను. రెండు నిమిషాలకే ఇలా ఉంటే, రోజంతా ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లు పిలిస్తే పలకడం లేదని విసుక్కుంటాం మనం.

మందూ కాదు, కౌన్సెలింగూ కాదు, ఉత్త స్నేహం ఏం చేస్తుందని ఎవరో అడిగితే మేడమ్ లండన్ సంగతి చెప్పింది. 1953లో చాడ్ వారా అనే చర్చి ఫాదర్ ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్ల కోసం ఒక ఫోన్ సర్వీసు పెట్టాడు. అదే సమారిటన్స్. ఆయనతో మాట్లాడటానికి జనం వచ్చి వరండాలో కూర్చునేవారు. వాళ్లకి టీ ఇచ్చి కాసేపు మాట్లాడటానికి మామూలు మనుషులు కొందరు సాయంగా ఉండేవారు. కొన్నాళ్లకి చూస్తే, టీ ఇచ్చినవాళ్లతో మాట్లాడాక చాలామంది లోపలికి వెళ్లక్కర్లేదనుకుని ఇళ్లకి వెళ్లిపోతున్నారట. ఆయన ఏడాది తిరక్కుండానే ఆ పనంతా ఆ వాలంటీర్లకే అప్పజెప్పాడు. ఫోన్ల మీద బతికినదాన్ని కాబట్టి ఈ కథ నాకు తెగ నచ్చింది.

ఇక నియమాలు. వారానికి గంట, అదే రోజు, అదే టైము. డబ్బు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. పొద్దున్నే గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు పెట్టకూడదు. మందుల ఊసు మనంతట మనం ఎత్తకూడదు. లేనివి ఉన్నాయంటే వాదించకూడదు, అలాగని అవును అని తలూపకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందని అనుమానం వస్తే డొంకతిరుగుడు లేకుండా ఆ మాటే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఫోన్‌లో ఉండాలి. కేసవుతుందనే భయంతో దాచే కుటుంబాల కోసం 2017 మానసిక ఆరోగ్య చట్టం గురించీ చెప్పారు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి శిక్షించకూడదని అందులో 115వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. మాలో సగం మందికి అది తెలీదు.

గంట అనే లెక్క నాకు మొదట్లో మింగుడుపడలేదు. స్నేహానికి టైమ్ టేబులేమిటి? ఇప్పుడు మాత్రం ఆ గంటకి ఎవరైనా అడ్డం వస్తే నాకే కోపం వస్తుంది.

జత కుదిర్చే రోజు మేడమ్ ఒక చిక్కు చెప్పింది. చెల్లెమ్మకి ముప్ఫై దాటి కొన్నేళ్లు. బీకాం చదివి ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో లెక్కలు రాసేది. హుద్‌హుద్ వచ్చిన ఏడాది, 2014లో, జబ్బు బయటపడింది. తుఫానుకి మతి చెదిరిందని తల్లి నమ్మకం, డాక్టర్లు అలా అనలేదు. అత్తగారింటివాళ్లు పుట్టింట్లో దింపి వెళ్లారు, మళ్లీ రాలేదు. ఇరుగుపొరుగువాళ్లు గోడలోంచి, ఫోన్‌లోంచి తన మాటలు వింటున్నారని ఆమె భయం. "మీరేమో టెలిఫోన్ డిపార్ట్‌మెంట్" అని ఆగింది మేడమ్. వేరేవాళ్లని చూడమంటే ఆ పక్క ఉండే వాలంటీర్లు లేరు. చివరికి, అడక్కపోతే మీరై చెప్పకండి, అడిగితే మాత్రం అబద్ధం ఆడకండి అని పంపించింది.

మేడమ్ వచ్చి పరిచయం చేసి వెళ్లింది. ఆ తర్వాత నేనూ, చెల్లెమ్మా, వాళ్లమ్మా. నేను ఏది అడిగినా తల్లే చెప్పేది. "దీనికి కాఫీ పడదండీ, టీయే." "ఇది పెసరట్టు తింటుంది, ఇడ్లీ ముట్టదు." చెల్లెమ్మ మంచం చివర కూర్చుని కిందికి చూస్తూ ఉండేది. మధ్యలో "చెప్పవే, అక్కకి చెప్పు" అని తల్లి పొడిచేది. ఆవిడ్ని తప్పుపట్టలేను. పదేళ్లుగా కూతురి నోరు తనే అయి బతికిన మనిషి. పైగా నన్ను చూడగానే ఆవిడకి కూడా ఎవరితోనైనా మాట్లాడే అవకాశం దొరికింది. నేను వెళ్లడం మొదలయ్యాక మేడమ్ ఆవిడ్ని అదే టైముకి వారానికోసారి డే కేర్‌లో తల్లిదండ్రుల మీటింగ్‌కి రప్పించడం మొదలుపెట్టింది. అప్పటి నుంచే మా గంట మా చేతికి వచ్చింది.

వీధిలోవాళ్లు మాత్రం నేనెవరో తేల్చుకోలేకపోయారు. వాలంటీర్‌ని అని చెప్తే, అప్పట్లో మన రాష్ట్రంలో వాలంటీరంటే వార్డు వాలంటీరే కదా, ఎదురింటాయన వచ్చి వాళ్ల నాన్నగారి పింఛను ఎందుకు ఆగిందని నిలదీశాడు. సచివాలయంలో అడగండి అని తప్పించుకున్నాను.

మాటలు లేని ఆ రోజుల్లో మమ్మల్ని ఆదుకున్నది అష్టాచెమ్మా. గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి గవ్వలు వేసేవాళ్లం. ఆటలో ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేదు, గవ్వల్ని చూస్తే చాలు. మధ్యలో టీ తనే పెట్టేది. చెయ్యి వణుకు వల్ల గ్లాసు సగానికే పోసి తెచ్చేది, మళ్లీ వెళ్లి మిగతా సగం తెచ్చేది. నేను లేచి అందుకోబోతే ఒకసారి గ్లాసు వెనక్కి లాక్కుంది. సరే అని కూర్చున్నాను. రెండు విడతల టీ మా ఇంట్లో మా ఆయనకి అర్థం కాదు కానీ మాకు అలవాటైపోయింది. పావుల లెక్కలో మాత్రం నన్ను ఎన్నడూ వదల్లేదు. "మీరు మూడు వేసి నాలుగు జరిపారు" అన్నది ఆమె నాతో తనంతట తాను మాట్లాడిన మొదటి వాక్యం అనుకుంటాను.

అలా ఆడుతూనే ఒక గురువారం గవ్వలు గుప్పిట్లో ఆపి, "అక్కా, మీరు ఫోన్ ఆఫీసులో చేశారంట కదా" అంది. గుమ్మం దగ్గర వాళ్లమ్మ అడిగితే చెప్పాను, అది చేరిపోయింది.

అవునన్నాను.

"మాటలు వినొచ్చా?"

నేను వెళ్లకముందు ఇదే ప్రశ్న ఇంట్లో అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. అయినా టెన్షన్ వచ్చింది. "నేను బోర్డు మీద ఉన్న రోజుల్లో వినపడేవి. ట్రంక్ కాల్ కలిసిందో లేదో చూడ్డానికి కీ వేస్తే ఇద్దరి మాటలూ తెలిసేవి. వినకూడదని రూలు. ఇప్పటి ఫోన్ల సంగతి నాకు తెలీదు."

"మా గోడలోంచి వింటున్నారు. వాళ్లు డిష్ పెట్టిన దగ్గర్నుంచీ."

"నాకేమీ వినపడటం లేదు. కానీ నీకలా ఉంటే రాత్రిళ్లు నిద్రెలా పడుతుంది?"

"పట్టదు. టీవీ పెట్టుకుంటాను. అమ్మ తిడుతుంది." కాసేపు ఊరుకుంది. "మీరు విన్నారా ఎప్పుడైనా?"

విన్నాను అన్నాను. ఒకాయన పలాస నుంచి పొద్దున బుక్ చేసుకుంటే సాయంత్రానికి లైను దొరికింది. మూడు నిమిషాల కాల్. ఆ మూడు నిమిషాలూ ఆయన "వినపడతందా? వినపడతందా?" అంటూనే ఉన్నాడు. అవతలాయన "ఆఁ వినపడతంది, చెప్పు" అంటూనే ఉన్నాడు. టైమ్ అయిపోయింది. డబ్బులు కట్టి వెళ్లిపోయాడు.

"మూడు నిమిషాలూనా?" అంది. తర్వాత నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. వంటింట్లోంచి వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది, ఏమైందోనని. ఆ రోజు మీటింగ్ లేదు లెండి.

తర్వాత ఇల్లు కదిలాం. ముందు వీధి చివర దాకా, తర్వాత ఎంవీపీ కాలనీ రైతుబజారు, తర్వాత ఆర్కే బీచ్. బీచ్‌లో ఎవరి మురీ మిక్చర్ డబ్బులు వాళ్లే ఇవ్వాలి, అదీ నియమమే. బస్సు ఛార్జీలు సంస్థ ఇస్తుంది. చెల్లెమ్మ జిప్పు పర్సులోంచి చిల్లర తీసి బండివాడి చేతిలో ఒక్కొక్కటే లెక్కపెట్టి వేసేది. వెనక ఇద్దరు కుర్రాళ్లు గునిశారు. వాడేమో నా వంక చూసి "మీరిచ్చేయండి మేడమ్" అన్నాడు. ఆమె ఇస్తోంది కదా బాబూ అన్నాను. ఆమెకి డబ్బు లెక్క రాక కాదు, నాణెం వేళ్లకి చిక్కక. చిట్‌ఫండ్‌లో లక్షల లెక్కలు రాసిన మనిషి.

ఈ ఊళ్లో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "చినవాల్తేరు పంపాలి" అంటారు, హైదరాబాద్‌వాళ్లు ఎర్రగడ్డ అన్నట్టు. ఆ మాట నేనూ ఆఫీసులో ఎన్నోసార్లు అన్నదాన్నే. ఆమెకి చినవాల్తేరు అంటే బస్సులో వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని మందులు తెచ్చుకునే చోటు, అంతే. ఆ జోకు ఆమె ఎదుట ఎవరైనా వేసినప్పుడు ఆమె మొహంలో ఏమీ మారదు.

తల్లి ఒకసారి సదరం క్యాంపుకి రమ్మని నన్ను బతిమాలింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది, 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే పింఛను వస్తుంది. వెళ్తే తప్పేమిటి అని నాకు గట్టిగా అనిపించింది. మేడమ్ వద్దంది. అది నా పని, నేను వెళ్తాను, మీరు కాగితాల మనిషి అయిపోతే ఆమెకి అష్టాచెమ్మా ఆడే మనిషి ఉండదు అంది. మేడమే తీసుకెళ్లింది, సర్టిఫికెట్ వచ్చింది. 2024 జూలై నుంచి ఆ పింఛను మూడు వేల నుంచి ఆరు వేలైంది. మొదటిసారి ఆరు వేలు అందిన వారం చెల్లెమ్మ కొత్త గవ్వలు కొంది.

అదే ఏడాది చివర్లో ఒక వారం వెళ్లేసరికి ఇంట్లో స్విచ్‌బోర్డుల మీదంతా సెల్లోటేప్ అంటించి ఉంది. కిటికీలు మూసి ఉన్నాయి. పడుకుని ఎన్నాళ్లయిందో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆట వద్దంది. టాబ్లెట్లు మానేశానని తనే గుసగుసగా చెప్పింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగాను, నేర్చుకున్నట్టే, సూటిగా. లేదు, వాళ్లే చంపుతారు అంది. "చెల్లెమ్మా, నాకు భయంగా ఉంది. ఇది నేను మేడమ్‌కి చెప్తాను" అన్నాను. నా వంక చూడకుండా "వెళ్లి చెప్పుకో. నువ్వూ వాళ్ల మనిషివే, ఫోన్ ఆఫీసు" అంది. మీరు నుంచి నువ్వులోకి మేం ఎప్పుడో వచ్చేశాం, కానీ ఆ నువ్వు అలాంటిది కాదు.

వీధి మలుపులో నిలబడి ఫోన్ చేశాను. మేడమ్ ఆ సాయంత్రమే వెళ్లింది, మర్నాడు కూడా వెళ్లి మాట్లాడి ఒప్పించింది. చెల్లెమ్మ కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉంది. ఇంటికి వచ్చాక నన్ను రావద్దంది. మేడమ్ నన్ను ఆగమంది. గురువారం మూడు గంటలకి ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తోచేది కాదు. ప్రతినెలా వాలంటీర్లకి జరిగే మీటింగ్‌లో ఇదంతా చెప్పుకుంటే, పక్కనున్న లెక్చరర్ ఒకావిడ తనకి ఇలాంటిదే జరిగి వాళ్ల స్నేహం అక్కడితో ముగిసిందని చెప్పింది. ఓదార్చడానికి చెప్పిందో, సిద్ధం చేయడానికి చెప్పిందో.

సంక్రాంతి అయ్యాక పిలుపు వచ్చింది. వెళ్తే టేపులు తీసేసిన మరకలు బోర్డుల మీద ఉన్నాయి. గవ్వలు తీసింది. సగం ఆట అయ్యాక చెప్పింది. మొదటిసారి ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు పెళ్లికి వెళ్తున్నామని చెప్పి పట్టుచీర కట్టించారట. ఆటో చినవాల్తేరులో ఆగేదాకా తెలీదట. "నువ్వు చెప్తానని నా మొహం మీదే చెప్పి వెళ్లి చెప్పావు. నాకు కోపం పోలేదు. కానీ చెప్పి చేశావు." నేనేమీ అనలేదు. ఆమె పావు పండింది, ఇంకో ఆట అంది.

ఇప్పుడు డే కేర్‌లో జనపనార సంచులు కుట్టే చోట సరుకు లెక్క ఆమే రాస్తోంది, రోజుకి కొంచెం సేపు. మాటలు ఇంకా వినపడుతున్నాయట, ముందంత గట్టిగా కాదట. "గురువారం సరుకు వస్తుందక్కా, నాకు కుదరదు" అని పోయిన నెల చెప్పేసింది. అందుకని ఆదివారానికి మార్చుకున్నాం. నా సీరియల్ పోయింది.

ఒక విషయం మాత్రం రాయాలి. మాలో మగవాళ్లు దాదాపు లేరు. ఆడవాళ్లకి ఆడవాళ్లనే, మగవాళ్లకి మగవాళ్లనే కుదురుస్తారు కాబట్టి ఎదురుచూసేవాళ్ల లిస్టులో అందరూ అబ్బాయిలే. వాళ్లలో ఒకతను క్యారమ్స్ బాగా ఆడతాడు, ఎదుట ఆడేవాళ్లు లేక బోర్డు మంచం కింద పెట్టేశాడు. మా ఆయన పోర్టులో ఉన్నప్పుడు క్యారమ్స్‌లో కప్పులు కొట్టిన మనిషి. ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాను. "నేనేం మాట్లాడతాను?" అన్నారు. మాట్లాడక్కర్లేదు, అదే మీ అర్హత అన్నాను. కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ అంతా చదివి, "పోలీస్ వెరిఫికేషన్ కూడానా?" అన్నారు.